సగంలో చేతులు మారిన కారు

కాలిఫోర్నియా తీరంలోని పెబుల్ బీచ్‌లో ఏటా జరిగే పాత కార్ల ప్రదర్శన రోల్స్ రాయిస్‌లకూ బుగాటీలకూ పెట్టింది పేరు. 1997లో అక్కడ మొట్టమొదటిసారి హాట్ రాడ్‌లకు ఒక విభాగం ఏర్పాటు చేశారు. పాత ఫోర్డునో మరోదాన్నో కోసి, అతికించి, బరువు తగ్గించి, వేగం కోసం సొంతంగా మార్చుకున్న బండిని హాట్ రాడ్ అంటారు. ఆ ఏడు బహుమతి 1932 నాటి ఒక నల్ల ఫోర్డు రోడ్‌స్టర్‌కు దక్కింది. అభిమానులు దాన్ని డోన్ స్పెన్సర్ రోడ్‌స్టర్ అంటారు. పేరులో ఉన్నది ఒక్కడే గాని, చేతులు చాలా ఉన్నాయి. దాన్ని మార్చడం మొదలుపెట్టినవాడు జాక్ డోర్న్. 1940ల మధ్యలో అది స్పెన్సర్ చేతికొచ్చింది. 1950లలో అతను దాన్ని మెక్సికోలో 3 వేల కిలోమీటర్లకు పైగా సాగే కరేరా పానమెరికానా పందెం కోసం మళ్లీ విప్పాడు. గతుకుల దారిలో అడుగు తగలకూడదని పొగగొట్టాలను ఫ్రేము కమ్మీల గుండానే పోనిచ్చాడు. 1954 తర్వాత ఆ పందెమే ఆగిపోయింది. పని సగంలో ఉండగానే కారు లిన్ వైన్‌లాండ్‌కు అమ్ముడుపోయింది, అతని దగ్గరా పూర్తి కాలేదు. 1960ల చివర నీల్ ఈస్ట్ తీసుకుని రోడ్డెక్కించాడు. 1990లలో బ్రూస్ మేయర్ కొని, సో-కాల్ స్పీడ్ షాపు పనివాళ్ల చేత బాగుచేయించి ప్రదర్శనకు తెచ్చాడు. ఇన్ని చేతులు మారడం ఈ కారుకు పట్టిన దురదృష్టమని అనిపించవచ్చు. నా వాదన వేరు. సొంతంగా మార్చుకున్న కార్ల చరిత్రలో, ఒకరు వదిలిన పనిని ఇంకొకరు ఎత్తుకోవడమే మామూలు సంగతి. ఒక్క చేతి మీద మొదలై, ఆ చేతి మీదే ముగిసిన కారు అరుదు. ఈ పనితనం బతికింది కూడా ఆ చేతిమార్పిడి వల్లే.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఆ బండ్లు ఏ సరుకుతో తయారయ్యాయో చూడాలి. హెన్రీ ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షల మోడల్ టి కార్లు చేసింది. తర్వాత మోడల్ ఎ వచ్చింది. 1932లో వి8 ఇంజను వచ్చింది: 221 ఘనపుటంగుళాలు, 65 హార్స్‌పవర్. అంతవరకు ఎనిమిది సిలిండర్లంటే డబ్బున్నవాళ్ల వైభోగం. ఫోర్డు దాన్ని 460 డాలర్ల రోడ్‌స్టర్‌లో పెట్టి అమ్మింది. ఇంత విరివిగా తయారైన వస్తువు పదేళ్లు తిరక్కుండానే తుక్కు కొట్లకు చేరుతుంది. ఒక ఫోర్డు ముక్క కొద్దిపాటి కోతతో ఇంకో ఫోర్డుకు అమరుతుంది. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల చేతిలో చిల్లరే ఉన్న కుర్రాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? మోడల్ ఎ బాడీ ఒకచోట, 1932 ఫ్రేము ఇంకోచోట, ఇంజను మరోచోట ఏరుకొచ్చి బండి కట్టారు. దాన్ని మురాక్‌లాంటి ఎండిపోయిన ఉప్పుమట్టి సరస్సుల మీద పరుగెత్తించి, ఎంత వేగం వచ్చిందో గడియారం పెట్టి కొలిచేవారు. ఆ పందేలను ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. పందెం రోజున మడ్‌గార్డులు, దీపాలు, ముందు అద్దం ఊడదీసేవారు. తెల్లారితే మళ్లీ బిగించి అదే బండి మీద పనికి పోయేవారు. పక్కవాడు ఇంకో అయిదు మైళ్లు ఎక్కువ పోయాడంటే వచ్చే వారానికి ఇంజను మళ్లీ నేల మీద ఉండేది. అలాంటి బండికి పని పూర్తయిన రోజంటూ లేదు. కాబట్టి అమ్మేటప్పుడు అది ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే చేతులు మారేది.

యుద్ధం ఈ తీరును ఇంకా గట్టిపరిచింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రజల వాడకానికి కార్ల తయారీ ఆగిపోయింది. వయసులో ఉన్నవాళ్లు సైన్యంలోకి వెళ్లారు. విప్పిన కార్లు విప్పినట్టే షెడ్లలో మిగిలాయి. తిరిగొచ్చినవాళ్లలో పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినవాళ్లు వాటిని అమ్ముకున్నారు, రానివాళ్ల కార్లు వేరేవాళ్లవయ్యాయి. ఇంకోవైపు, విమాన కర్మాగారాల్లో రేకు వంచడం, వెల్డింగ్ చెయ్యడం నేర్చిన చేతులు దక్షిణ కాలిఫోర్నియాలో ఎన్నో ఉన్నాయి. సైన్యం వదిలించుకున్న సామాను కారుచౌకగా దొరికేది. బిల్ బర్క్ యుద్ధవిమానాల నుంచి జారవిడిచే పెట్రోలు ట్యాంకును 1946లో ఎండు సరస్సు మీద పరుగెత్తే కారుకు బాడీగా వాడుకున్నాడు. వేరే పనికి పుట్టిన వస్తువును తన పనికి తిప్పుకోవడం వీళ్లకు అలవాటైన విద్య. అలాంటివాడికి ఎదుటివాడు సగంలో వదిలిన కారు కూడా ముడిసరుకులాగే కనిపిస్తుంది. ఇంకొకరి పనిని ఎత్తుకోవడం చిన్నతనంగా తోచకపోవడానికి మూలం ఇక్కడుంది.

మరి ‘సగం’ అనే మాట ఎప్పుడొచ్చింది? పూర్తి అనేదేదో ఉంటేనే సగం అనేదానికి అర్థం. ఆ పూర్తిని తెచ్చిపెట్టినవి పత్రికలూ ప్రదర్శనలూ. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్, రాబర్ట్ లిండ్సే ‘హాట్ రాడ్’ పత్రికను మొదలుపెట్టి, 25 సెంట్లకు ఒక ప్రతి చొప్పున అమ్మారు. 1950లో ఓక్లండ్ ప్రదర్శనలో అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్‌కు మనిషి కన్నా ఎత్తైన, 9 అడుగుల ట్రోఫీ ఇవ్వడం మొదలైంది. ఎండు సరస్సు మీద బండిని గడియారం తూచేది, ప్రదర్శనశాలలో కన్ను తూచింది. గడియారానికి రంగు వెయ్యని తలుపు పట్టదు, ఫొటోకు పడుతుంది. బండి అడుగుభాగానికి కూడా క్రోమియం పూత పట్టించి, కింద అద్దాలు పరిచి చూపించే రోజులొచ్చాయి. అప్పటిదాకా నడుస్తూ నడుస్తూ మారిన బండి, ఇప్పుడు ఫలానా తేదీకి ముగియాల్సిన పని అయింది. ముగింపుకు గడువు పడ్డాక, గడువు దాటినవాడు ఓడినవాడయ్యాడు. మధ్యలో వదిలేసిన కారంటే ఇప్పుడు మనకు కలిగే చిన్నచూపు ఆ ట్రోఫీల కాలంలో పుట్టింది. అంతకుముందు అదే కారు ఎవరికీ అవమానం కాదు.

సగం కారును ఎత్తుకున్నవాడికి అసలు ఏం దొరుకుతుందో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా వాదనకు గట్టి ఆధారం అక్కడే ఉంది. హాట్ రాడ్‌లు వేగం కోసమైతే, వాటి తోబుట్టువులైన కస్టమ్ కార్లు చూపు కోసం. శాక్రమెంటోలో హ్యారీ వెస్టర్‌గార్డ్ దగ్గర పని నేర్చిన జార్జ్ బారిస్, అతని అన్న శామ్ కలిసి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నడిపిన షెడ్డు వీటికి పేరుపడింది. అక్కడ 1952లో బాబ్ హిరోహాటా కోసం మార్చిన 1951 మెర్క్యురీ కారు కప్పును ముందువైపు 4 అంగుళాలు, వెనకవైపు 7 అంగుళాలు దించారు. తలుపుల మధ్య స్తంభం తీసేశారు. కోసిన కప్పు మళ్లీ కూర్చుంటే సందులు మిగులుతాయి. రేకు అతుకులను ఆ రోజుల్లో సీసంతో పూడ్చేవారు. 30 పాళ్ల తగరం, 70 పాళ్ల సీసం కలిసిన కడ్డీ 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడుతుంది, పూర్తిగా కరగాలంటే ఇంకో 70 డిగ్రీలు కావాలి. ఆ రెంటి మధ్య అది వెన్నముద్దలా ఉన్నప్పుడే మైనం రాసిన చెక్క తెడ్డుతో పరవాలి. వేడి మించితే కారిపోతుంది, తగ్గితే పట్టుకోదు. 1950ల మధ్య నుంచి పాలియెస్టర్ లప్పం వచ్చి ఆ నేర్పుకు పని తగ్గించింది. రంగు వేశాక ఇదంతా కంటికి కనిపించదు. అందుకే అనుభవజ్ఞులు పాత కారు కొనేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకుపోయేవారు. అది ఎక్కడ అంటకపోతే అక్కడ లోపల ఏదో దాగి ఉన్నట్టు లెక్క. ముగించిన కారు తన రహస్యాలను ఇలా కప్పుకుంటుంది. సగంలో ఆగిన కారు వాటిని విప్పి చూపిస్తుంది. ఎక్కడ కోశాడు, కోసేముందు ఎక్కడ ఊతం వెల్డు చేశాడు, ఎక్కడ తొందరపడ్డాడు అన్నది బట్టతొడగని రేకు మీద చదువుకోవచ్చు. గురుకులం లేని ఈ వృత్తికి పాఠ్యపుస్తకం లాంటివి సగం కార్లే.

దీనికి మొదటి అభ్యంతరం చరిత్రలో నిలిచిన పేర్ల గురించి వస్తుంది. గొప్ప కార్లన్నీ ఒక్కో కళాకారుడి పేరు మీదే ఉన్నాయి కదా, సామూహిక పని అనడం వాళ్ల ప్రతిభను పలచన చెయ్యడం కాదా అని. దీనికి జవాబు ఆ పేర్లలోకెల్లా పెద్దదాన్నే తీసుకుని చెబుతాను. 1966 జనవరిలో టీవీకెక్కిన ‘బ్యాట్‌మ్యాన్’ ధారావాహికలోని నల్ల కారు బారిస్ చేసిందని లోకమంతా అంటుంది. ఆ కారు పని మొదట డీన్ జెఫ్రీస్ అనే మరో నిపుణుడికి ఇచ్చారు. అతను 1959 కాడిలాక్‌తో పని మొదలుపెట్టాడు. ప్రసారం తేదీ ముందుకు జరిగేసరికి ఆ వ్యవధిలో చెయ్యలేనని తప్పుకున్నాడు. పని బారిస్‌కు వచ్చింది. అతని దగ్గర అప్పటికే ఒక కారుంది: లింకన్ కంపెనీ కోసం ఇటలీలోని ట్యూరిన్‌లో గియా వాళ్లు చేసిన 1955 నాటి ప్రదర్శన కారు ‘ఫ్యూచురా’. చెయ్యడానికి రెండున్నర లక్షల డాలర్లయిన దాన్ని బారిస్ ఒక్క డాలరుకు తీసుకున్నాడంటారు. దాన్ని మార్చే రేకు పనిలో చెయ్యి వేసినవాడు బిల్ కుషెన్‌బరీ. మూడు వారాల్లో కారు సిద్ధమైంది. 2013లో అది వేలంలో 42 లక్షల డాలర్లకు పోయింది. ఇందులో గీసినవాళ్లు ఒకరు, వంచినవాళ్లు ఒకరు, మళ్లీ కోసినవాడు ఇంకొకడు. ఇంత చెప్పినా బారిస్ ప్రతిభ తగ్గదు. ఇంకొకరి వస్తువులో తన కారును చూడగలగడం, గడువులోపల దాన్ని బయటికి తియ్యగలగడం అతని ప్రతిభ. పేరు ఒక్కడిది కావడం ప్రచారానికి అవసరం. రేకును అడిగితే నలుగురి పేర్లు చెబుతుంది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. బహుమతి పొందిన రోడ్‌స్టర్‌నో, లక్షల డాలర్లకు పోయిన కారునో చూపించి వాదించడం, ఒడ్డుకు చేరినవాళ్లను చూసి ఏరు లోతు లేదన్నట్టు ఉంటుంది. సగంలో ఎత్తుకున్న కార్లలో ఎన్నో మళ్లీ సగంలోనే ఆగిపోతాయి. మొదటివాడు ఎందుకు వదిలాడో తెలియదు. డబ్బు చాలక వదిలితే కారు బాగానే ఉండవచ్చు, ఫ్రేము వంకర కనిపెట్టి వదిలితే ఆ వంకర కొన్నవాడి నెత్తికొస్తుంది. విడిభాగాల పెట్టెల్లో ఏది లేదో బిగించేటప్పుడుగాని బయటపడదు. పెట్టిన ఖర్చు అమ్మకంలో రాదు. ఇదంతా నిజమే. ఈ మార్గం లాభసాటిదని నేను అనడం లేదు. చరిత్రకు సంబంధించిన ప్రశ్న వేరు: ఈ నష్టాలన్నీ తెలిసీ ఆ పని ఎలా కొనసాగింది? వదిలిన కారుకు ఎత్తుకునేవాడు ఉంటాడన్న నమ్మకం ఉంటేనే తాహతు లేనివాడు మొదలుపెట్టగలడు. స్పెన్సర్ పెట్టుకున్న పందెమే లేకుండా పోయినా అతని పని వృథా పోలేదు, ఫ్రేములో మిగిలింది, తర్వాతివాడికి అందింది. ముగించగలిగినవాళ్లే మొదలుపెట్టాలన్న నియమం ఉండి ఉంటే, ఆ షెడ్లలో సగానికి పైగా తెరుచుకునేవే కావు. పూర్తిగా చచ్చిన కారు కూడా ముక్కలై ఇంకో నాలుగు కార్లలో బతికింది. నష్టం వ్యక్తిది, లాభం వృత్తిది. ఈ లెక్క అన్యాయమైనదే కావచ్చు, అయినా నడిచింది ఈ లెక్క మీదనే.

సగం వాహనం అన్నది మనకు మాత్రం కొత్తా? మన హైవేల మీద కేబిన్ లేని లారీ ఛాసిస్ మీద, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండకూ గాలికీ ఎదురొడ్డి వందల మైళ్లు నడుపుకొచ్చే డ్రైవర్లు ఒకనాటి మామూలు దృశ్యం. కంపెనీ ఇంజనూ చక్రాలూ ఇచ్చేది, విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట వడ్రంగులూ టింకరింగ్ పనివాళ్లూ బాడీ కట్టేవారు. రోల్స్ రాయిస్ సైతం రెండో ప్రపంచ యుద్ధం దాకా ఛాసిస్ మాత్రమే అమ్మేది, బాడీ కట్టేవాళ్లు వేరు. హైదరాబాదు నిజాముల సింహాసనపు కారు అలా వచ్చిందే. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, లండన్‌లో బార్కర్ వాళ్లు పసుపురంగు బాడీ కట్టి పంపేసరికి గద్దె మీద ఉన్నది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. బ్రిటన్‌లో 1973 దాకా పూర్తి కారు మీద ఉన్న కొనుగోలు పన్ను విడిభాగాల మూట మీద లేదు, అందుకే లోటస్ సెవెన్‌ను మూటగా కొని ఇంట్లో బిగించుకునేవారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఛాసిస్ అసంపూర్తిగా ఉండడం ముందే అనుకున్న సంగతి, తర్వాతివాడు ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. ఆగిపోయిన కస్టమ్ కారులో తర్వాతివాడికి ఏ నమూనా చేతికివ్వరు, మొదటివాడి తలలో ఏముందో అతనే ఊహించుకోవాలి. మన దేశంలో ఆ రెండో రకం వేళ్లూనకపోవడానికి చట్టమూ ఒక కారణం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ధ్రువీకరించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరో వెల్డు చేసిన ఫ్రేము మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడుతుంది గనక ఆ జాగ్రత్తను కొట్టిపారెయ్యలేం. సగం కారు ఎత్తుకున్నవాడి మొదటి బాధ్యత కూడా అదే: అందుకున్న ప్రతి అతుకునూ అనుమానించి, పరీక్షించి, అవసరమైతే మళ్లీ వెయ్యడం.

ఇక చివరి ప్రశ్న, అన్నిటికన్నా చిక్కుది. ఎత్తుకున్నవాడు ఎవరి కారును ముగించాలి, మొదటివాడిదా, తనదా? చరిత్రను కాపాడాలనేవాళ్లు, చెయ్యి పెట్టిన ప్రతిసారీ కొంత సాక్ష్యం చెరిగిపోతుందంటారు. వాళ్ల మాటలో న్యాయముంది. స్పెన్సర్ రోడ్‌స్టర్‌ను 1997 కోసం సిద్ధం చేసినప్పుడు స్పెన్సర్ కాలపు రూపానికి తెచ్చారు, నడుమ వైన్‌లాండ్ పెట్టిన థండర్‌బర్డ్ ఇంజను అందులో లేదు. అంటే ఒకరి చెయ్యిని నిలబెట్టడానికి ఇంకొకరి చెయ్యిని తుడిచారు. హిరోహాటా మెర్క్యురీది ఇంకో దారి. అప్పటికి రంగులు మారి, పాతబడిపోయిన ఆ కారును 1959 ప్రాంతంలో ఒక హైస్కూలు కుర్రాడు 500 డాలర్లకు కొన్నాడు. దశాబ్దాలు అట్టేపెట్టి, తర్వాత ఓపిగ్గా మొదటి ఆకుపచ్చ రంగులకు తిరిగి తెచ్చాడు. 2022లో అది వేలంలో 20 లక్షల డాలర్ల దాకా పలికింది. తెలుగువాళ్లకు ఈ చిక్కు మరోచోట ఎప్పుడో ఎదురైంది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని తిక్కన ఎత్తుకున్నాడు గాని, ఆ మిగిలిన ముక్కను ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి సాగాడు. ఎర్రన 14వ శతాబ్దంలో ఆ ముక్కను పూరించాడు. నన్నయ పోకడతో మొదలుపెట్టి తిక్కన పోకడలోకి నడిపించాడనీ, నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడనీ మన సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఇద్దరూ రెండు పద్ధతులు చూపించారు: ఒకరు అతుకు వెయ్యకుండా పక్క నుంచి పోయారు, ఒకరు అతుకు కనపడనివ్వలేదు. ఎర్రనను ఎవరూ నకలు రాసినవాడని అనలేదు, ఆయన కవిత్రయంలో ఒకడు.

కారుకూ కావ్యానికీ ఉన్న తేడా ఒకటుంది: కావ్యంలో పాత పద్యం చెరగదు, కారులో కొత్త కోత పాతదాన్ని తినేస్తుంది. కాబట్టి రేకు మీద పనిచేసేవాడికి ఎర్రన కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. కోసేముందు కొలిచి రాసిపెట్టుకోవడం, తీసిన ముక్కను పారెయ్యకుండా దాచడం, తన తర్వాత ఇంకొకడు వస్తాడన్న ఎరుకతో పనిచెయ్యడం. ఈ చివరిదే ముఖ్యం. స్పెన్సర్ ఫ్రేములో పొగగొట్టాల కోసం తెరిచిన దారి అతను తలపెట్టిన పందెంలో ఒక్క మైలూ పరుగెత్తలేదు. అయినా ఆ పని శుభ్రంగా చేశాడు గనకే తర్వాత చేపట్టినవాళ్లకు అది అక్కరకొచ్చింది. మొదలుపెట్టేవాడి మీద ముగించే బాధ్యత మోపితే మొదలుపెట్టేవాళ్లే తగ్గిపోతారు. రాబోయేవాడు చదవగలిగేలా వదలడమన్నది మాత్రం అతని దగ్గర అడగదగిన బాధ్యత. ఆ మాట నిలిపినవాళ్ల కార్లే ఇవాళ ప్రదర్శనల్లో నిలబడి ఉన్నాయి, ఎవరి పేరుతో పిలిచినా సరే.